వేడెక్కే కారులో అత్తగారితో ఉప్పాడకు

ఉప్పాడ వెళ్ళొచ్చానని చెప్పగానే మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ ఒకే ప్రశ్న వేశారు: "చీరలు ఏం తెచ్చారు సార్?" అనంతపురంలో ఉప్పాడ అంటే చీరే గాని, ఆ పేరుతో ఒక ఊరుందని చాలామందికి తెలియదు. నేను తెచ్చింది చీర కాదు. వేడెక్కితే మొరాయించే రేడియేటర్ ఫ్యాను మోటారు ఒకటి తెచ్చాను. ప్రస్తుతం అది మా మెట్ల కింద, చెప్పుల స్టాండు పక్కన ఉంది. పాత ఇనుము వాడికి వేసేద్దామంటే మా అత్తగారు ఒప్పుకోవడం లేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో తెలియాలంటే ప్రయాణం మొత్తం చెప్పాలి.

ఎందుకు వెళ్ళామంటే

మా అత్తగారు సుగుణమ్మ గారు పుట్టి పెరిగింది ఉప్పాడ దగ్గర ఒక చిన్న పల్లెలో. ఉద్యోగమంతా ప్రభుత్వాసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా చేసి, రిటైరయ్యాక మా దగ్గరే ఉంటున్నారు. ఆవిడ తమ్ముడు ప్రసాదరావు గారు ఇప్పటికీ ఆ పల్లెలోనే ఉన్నారు. ఆయనకు మనవరాలు పుట్టింది. పిల్లకు అక్క పేరే పెడుతున్నామని, బాప్తిస్మం రోజున బిడ్డను ఎత్తుకుని నిలబడవలసింది అక్కేనని ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో కుట్టుమిషను ఆగలేదు. తెల్లటి బుల్లి గౌను కుట్టి, అంచుకి వాళ్ళమ్మ నేర్పిన లేసు స్వయంగా అల్లారు.

తేదీ మార్చడానికి వీల్లేదు. ఆ పల్లె చర్చికి సొంత పాస్టరు గారు లేరు. అక్కడ అందరూ అయ్యగారు అని పిలిచే ఒకే పాస్టరు గారు చుట్టుపక్కల నాలుగైదు చర్చిలు చూసుకుంటారు. ఈ పల్లెకు నెలకొక ఆదివారం పొద్దున్నే వచ్చి, ఆరాధన ముగించి, వెంటనే ఇంకో ఊరు వెళ్ళిపోతారు. బిడ్డ తండ్రి ఓడ మీద పనిచేస్తాడు, మరుసటి వారమే మళ్ళీ ఓడ ఎక్కాలి. కాబట్టి వచ్చే నెలకు వాయిదా వేయడానికీ లేదు. అయ్యగారు బండి ఎక్కేలోపు మేము అక్కడ ఉండాలి. లేకపోతే బిడ్డను ఇంకెవరో ఎత్తుకుంటారు.

మే నెల కాబట్టి రైలు టికెట్లన్నీ వెయిటింగ్ లిస్టు. మా ఆవిడకు పరీక్ష పేపర్లు దిద్దే డ్యూటీ. కాబట్టి నేనూ అత్తగారూ, మా పదేళ్ళ చిన్న కారు. వెనక సీట్లో తమ్ముడి కోసం ఒక బస్తా వేరుసెనక్కాయలు. అనంతపురం వాళ్ళం చుట్టాలింటికి ఇంకేం తీసుకెళ్తాం?

నిడదవోలు గేటు

గురువారం బయలుదేరి, రాత్రికి గుంటూరులో పడుకుని, శుక్రవారం పొద్దున తాడేపల్లిగూడెంలో పెసరట్టు ఉప్మా తిన్నాం. మా ఊళ్ళో పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిని నాలుక చురుక్కుమనకపోతే టిఫిన్ తిన్నట్టు ఉండదు. ఇక్కడ అల్లం చట్నీలో కూడా బెల్లం వేసి ఊరడిస్తారు. మనుషులూ అంతే. సర్వరు "ఇంకొకటి వేయమంటారాండి" అని అడిగిన తీరుకు కడుపు నిండినవాడు కూడా వద్దనలేడు. నేను అనలేదు.

గోదావరి జిల్లా అంటే రోడ్డు పక్కనంతా నీళ్ళు పారుతుంటాయని ఆశపడి వెళ్ళాను. ఎటు చూసినా కాలువల్లో బురద, గుంటల్లో కొంగలు.

"మే నెలలో కాలువలు కట్టేస్తారండి. రిపేర్లు చేసి మళ్ళీ నీళ్ళు వదులుతారు," అన్నారు అత్తగారు, తప్పు తనదే అయినట్టు.

నిడదవోలు దగ్గర రైలు గేటు పడింది. ఒక గూడ్సు పోయింది, గేటు ఎత్తలేదు. ఇంకో రైలు పోయింది, అయినా ఎత్తలేదు. అంతవరకు చల్లగా వచ్చిన ఏసీ గాలి మెల్లగా వేడెక్కింది. చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు ఎక్కుతోంది. నాకు ఓపిక తక్కువ, ముల్లుకి అంతకంటే తక్కువ. గేటు లేవగానే కారు కదిలింది, ముల్లు కాస్త దిగింది. అప్పటికే భయం వేసి, కొంచెం దూరంలో కనిపించిన షెడ్డు ముందు ఆపాను.

షెడ్డు ఓనరు సత్తిబాబు గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేను గబగబా బానెట్టు తాళం లాగబోయాను.

"ఉండండి, ఉండండి. అంత దూరం నుంచి వచ్చారు. ముందు అలా నీడలో కూర్చోండి. అమ్మగారూ, కాఫీయా, టీయా?"

"బండి వేడెక్కిపోయిందన్నా," అన్నాను.

"బండి ఎక్కడికి పోతుందండి. కాఫీ తాగాక చూద్దాం."

మా ఊళ్ళో మెకానిక్ ముందు బానెట్టు ఎత్తుతాడు, మనిషి ముఖం తర్వాత చూస్తాడు, కొన్నిసార్లు చూడనే చూడడు. ఇక్కడ కాఫీ వచ్చింది. కాఫీతో పాటు మాటలు వచ్చాయి. మీది ఏ ఊరు, వీరు మీ అబ్బాయా, అల్లుడు గారా, ఆహా. అల్లుడు అని తెలిశాక కాఫీ ఒక్కటే ఇస్తే బాగోదని మినపసున్నుండలు కూడా వచ్చాయి. సత్తిబాబు గారి మేనత్తకు మా అత్తగారు ఎప్పుడో కాకినాడ ఆసుపత్రిలో సూది వేసి ఉండవచ్చని ఇద్దరూ కలిసి తేల్చారు. అప్పుడు బానెట్టు తీశారు.

ఇంజను స్టార్ట్ చేస్తే ఫ్యాను కాసేపటికి బుర్రుమని తిరిగింది.

"ఫ్యాను బంగారంలా ఉందండి. కూలెంట్ తగ్గింది, అదే రోగం," అని పోసి, డబ్బులు కూలెంటుకి మాత్రం తీసుకున్నారు. అత్తగారికి ఊరికే వెళ్ళడం మనసొప్పలేదు. బస్తా విప్పి ఒక సంచీడు వేరుసెనక్కాయలు ఇచ్చారు.

గోదావరి మధ్యలో

కొవ్వూరు నుంచి రాజమండ్రికి రెండంతస్తుల వంతెన మీదుగా వెళ్ళాలి. పైన మనం, కింద రైలు. వంతెన ఎక్కగానే నేను కారు సంగతి మరిచిపోయాను. మా పెన్నలో నీళ్ళు చూడాలంటే అదృష్టం ఉండాలి. ఇక్కడ నడి వేసవిలో కూడా, ఇసుక తిన్నెలు తేలినా, నది అవతలి ఒడ్డు కనపడనంత ఉంది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఇన్ని నీళ్ళు ఒక్కచోట ఉండి, వీటి మధ్య పుట్టిన మనిషి మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకరు కోసం బిందె పట్టుకుని నిలబడుతోందే అనిపించింది. ఆ మాటే అన్నాను.

"ట్యాంకరు దగ్గర నాకు స్నేహితులున్నారండి. గోదావరి దగ్గర ఎవరున్నారు," అన్నారు ఆవిడ.

అంతలో ముందెక్కడో ఒక ఆటో ఆగిపోయి బండ్లన్నీ నిలిచిపోయాయి. ఏసీ గాలి మళ్ళీ వేడెక్కింది. ముల్లు మళ్ళీ ఎక్కింది. ఇంజను ఆపేశాను. కాసేపటికి ముందు బండ్లు కదిలాయి, ఇంకా చల్లారని మా ఇంజనును స్టార్ట్ చేయడానికి నాకు ధైర్యం చాల్లేదు, వెనక హారన్లు. దిగి నెట్టడం మొదలుపెట్టాను. స్టీరింగు పట్టుకోవడానికి ఎవరూ లేరు. జీవితంలో ఎన్నడూ డ్రైవరు సీట్లో కూర్చోని మా అత్తగారు గోదావరి నది మీద, కింద రైలు వంతెన దడదడలాడుతుండగా, స్టీరింగు వెనక కూర్చున్నారు.

వెనక ఆటోలోంచి పెళ్ళికి వెళ్తున్న నలుగురు దిగొచ్చి భుజాలు కలిపారు. జరీ పంచెలు కట్టుకున్నారు, నుదుట బొట్లు. ఎవరూ విసుక్కోలేదు. ఒకాయన నెడుతూనే, "ఎంతవరకండీ ప్రయాణం?" అన్నాడు. చెప్పాను. "ఆయ్, అయితే పెళ్ళి భోజనం చేసి వెళ్దురుగాని," అన్నాడు. వంతెన మీద, రొప్పుతూ. ఆ మాట వాళ్ళకు శ్వాస తీసుకోవడంతో సమానమని అప్పుడర్థమైంది.

వంతెన మొత్తం నెట్టలేదు. ఇంజను చల్లారాక దాని కాళ్ళ మీద అదే రాజమండ్రి చేరింది. పెళ్ళివారికి కూడా తలా దోసెడు వేరుసెనక్కాయలు ముట్టాయి.

రాజమండ్రిలో శనివారం

లాడ్జి వాళ్ళు చూపించిన గ్యారేజీ భాస్కరరావు గారిది. నేను ఈసారి తెలివిగా, కూర్చోకుండా, నిలబడే అన్నీ చెప్పాను. ఆగితేనే వేడెక్కుతుంది, రోడ్డు మీద పోతుంటే బాగుంటుంది, ఆగినప్పుడే ఏసీ కూడా వేడిగాలి కొడుతుంది. రాత్రి లాడ్జిలో ఫోన్లో వీడియోలు చూసి, జబ్బు ఫ్యానుదేనని నాకు నేనే నిర్ధారించుకున్నాను.

"మీరు చెప్పింది కరెక్టేనండి. రోడ్డు మీద పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాను చెయ్యాలి. చెయ్యట్లేదు. చూద్దాం," అన్నారాయన. నా ఛాతీ కాస్త ఉబ్బింది. "ముందు ఈ రోజ్ మిల్క్ తాగండి."

రోజ్ మిల్క్ తాగాం. ఎర్రగా, చల్లగా, గ్లాసు అడుగున చక్కెర కరిగీ కరగనట్టు ఉంటుంది. రెండోది అడగడానికి సిగ్గుపడితే అదీ వచ్చింది. ఈలోగా ఆయన భార్య మేడ మీద నుంచి తొంగిచూసి, ఎండన పడి వచ్చినవాళ్ళు భోంచేయకుండా వెళ్తే బాగోదన్నారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, గట్టి పెరుగు. రాగిసంగటి మీద పెరిగిన కడుపు నాది, అయినా ఏమీ అనకుండా అన్నీ పుచ్చుకుంది. అత్తగారు వడ్డన చూసి మురిసిపోయారు. "మా వైపు ఇంతేనండి," అని నాతో నాలుగుసార్లు అన్నారు.

కిందికి దిగేసరికి కారు నీడలో చల్లగా నిద్రపోతోంది. భాస్కరరావు గారు ఏసీ వేశారు. ఫ్యాను తిరిగింది. ఏసీ తీసి ఇంజను వేడెక్కేదాకా ఉంచారు. ఫ్యాను రెండుసార్లు వచ్చింది, రెండుసార్లు ఆగింది.

"మోటారు ఓకే అండి. వేడెక్కిందని ఫ్యానుకి కబురు చెప్పే సెన్సార్ ఒకటుంటుంది. అది ఒకసారి చెప్పి ఒకసారి మానేస్తున్నట్టుంది."

సెన్సారు తెప్పించి మార్చేసరికి శనివారం సాయంత్రమైంది. అంతవరకు మేము పుష్కరఘాట్ మెట్ల మీద కూర్చుని తాటి ముంజలు తిన్నాం. మా ఊళ్ళో బేరమాడకపోతే అమ్మేవాడే మనల్ని తక్కువగా చూస్తాడు. ఇక్కడ నేను బేరం మొదలుపెట్టగానే ముంజలామె, "మీరు ఎంతిస్తే అంతేనండి," అంది. ఆ తర్వాత బేరమాడాలంటే గుండె ఉండాలి. అడిగిన ధరకే కొన్నాను, కొసరుగా రెండు వేసింది.

చీకట్లో పాడుబండితో వెళ్ళొద్దని అత్తగారు అన్నారు. ఆదివారం తెల్లవారకముందే బయలుదేరితే ఆరాధనకు ముందే చేరుకోవచ్చనుకున్నాం. గౌను ఇస్త్రీ మడత చెడకుండా ఒళ్ళో పెట్టుకున్నారు. భాస్కరరావు గారింటికి వెళ్ళిన సంచీతో బస్తా సగానికి దిగింది.

పిఠాపురం గేటు

రాజానగరం, పెద్దాపురం, సామర్లకోట దాటే దాకా ముల్లు చెప్పినమాట విన్న కోడలిలా ఒద్దికగా ఉంది. నేను ఈల వేశాను. అత్తగారు కీర్తన ఎత్తుకున్నారు. మధ్యలో రోడ్డు పని జరుగుతుంటే చాలాసేపు చుట్టు తిరగాల్సి వచ్చింది, అయినా టైముందిలే అనుకున్నాం. అప్పటికే ఎండ ముదిరింది.

పిఠాపురం దాటి ఉప్పాడ రోడ్డెక్కబోతుంటే రైలు గేటు. ఇంకేముంది. ఏసీ గాలి వేడెక్కింది, ముల్లు లేచింది. గేటు ఎత్తలేదు. కొత్త సెన్సారు పెట్టినా ఇదే వరస. స్టీరింగు మీద గట్టిగా కొట్టి మా ఊరి మాట ఒకటి అన్నాను. అత్తగారు విననట్టే కూర్చుని తమ్ముడికి ఫోన్ చేశారు.

"ఒరేయ్ ప్రసాదూ, అయ్యగారు వచ్చేశారా?"

"ఆరాధన అయిపోవస్తోందక్కా. ఇక్కణ్ణుంచి ఆయనకి ఇంకో ఊళ్ళో ఆరాధన ఉంది. మీరెక్కడ?"

"పిఠాపురం గేటు. బండి మళ్ళీ వేడెక్కిందిరా."

"నువ్వు రా అక్కా. నేను చూసుకుంటాను," అన్నాడాయన.

ఆవిడ ఫోన్ దించి గౌను మడత మీద చెయ్యి పెట్టుకున్నారు. ఏడవలేదు గాని, ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపొచ్చింది.

గేటు పక్కనే ఒక షెడ్డు. ఆదివారం కాబట్టి సగం షట్టరు దించి ఉంది. ఇంజను ఆపకుండానే కారు అక్కడికి తిప్పాను. లోపలినుంచి వీర్రాజు గారు వచ్చారు. మంచి చొక్కా వేసుకుని ఎక్కడికో బయలుదేరుతున్న మనిషి. అయినా మమ్మల్ని చూడగానే ప్లాస్టిక్ కుర్చీ లాగి తుడిచారు.

"రండి, రండి. ఎండన పడొచ్చారు. అమ్మగారూ, కూర్చోండి. కాఫీ..."

"కాఫీ వద్దు బాబూ," అన్నారు మా అత్తగారు.

నేను తిరిగి చూశాను. ఇన్నేళ్ళలో ఆవిడ కాఫీ వద్దనడం నేను వినలేదు. తన ఇంటికి వచ్చిన కరెంటు మీటరు అతన్ని కూడా కాఫీ ఇవ్వకుండా పంపని మనిషి. వీర్రాజు గారు కూడా బిత్తరపోయారు. ఆవిడ ఆయన ముఖం చూశారు. కానీ ఆగలేదు.

"ఏమీ అనుకోకు నాయనా. ముందు బానెట్టు తియ్యి. ఇప్పుడే, వేడిగా ఉండగానే. ఇంజను ఆపొద్దు."

"చెయ్యి కాలిపోద్దండి అమ్మగారూ. కాస్త చల్లారనిద్దాం. ఈలోగా..."

"అదే మేము చేస్తున్న తప్పు. నిడదవోల్లో కాఫీ తాగాం, రాజమండ్రిలో భోంచేశాం. తాగి, తిని, లేచేసరికి ఇది చల్లారిపోతోంది. చల్లారాక ఫ్యాను తిరుగుతోంది. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయనకేం కనిపిస్తుంది? ఒళ్ళు కాలుతున్నప్పుడే చూడాలి."

నిజమే. రెండు గ్యారేజీల్లోనూ ఇద్దరూ పనితెలిసినవాళ్ళే. కాని ఇద్దరిలో ఒక్కరికీ మా కారు వేడి ముఖం చూసే అవకాశం రాలేదు. వాళ్ళ మర్యాద ఆ ముఖాన్ని చల్లార్చేసింది. మా ఊళ్ళో అయితే మొదటి గేటు దగ్గరే పట్టేసేవాళ్ళు, మనిషికి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా.

వీర్రాజు గారు మంచి చొక్కా విప్పి కుర్చీకి తగిలించి, బనీను మీద బానెట్టు ఎత్తారు. ఆవిరి కొట్టింది. ముల్లు ఎర్రగీతకు ఆనింది, ఏసీ వేసి ఉంది, ఫ్యాను మాత్రం కదలడం లేదు. ఆయన వైర్ల కనెక్టరు ఊడదీసి టెస్ట్ ల్యాంపు పెట్టారు. చిన్న బల్బు వెలిగింది.

"కరెంటు వస్తోందండి. ఫ్యూజు, రిలే, సెన్సారు ఎవరి తప్పూ లేదు. అన్నం వడ్డిస్తున్నా తినట్లేదు ఇది." కనెక్టరు మళ్ళీ తగిలించి, పానా పిడితో మోటారు వెనక రెండుసార్లు తట్టారు. ఫ్యాను ఒకసారి ఉలిక్కిపడి, గిర్రున తిరిగింది.

"బ్రష్షులండి. మోటారు లోపల కరెంటు అందించే చిన్న కార్బన్ ముక్కలు. అరిగిపోయి, వేడెక్కినప్పుడు ఇరుక్కుపోతున్నాయి. చల్లారితే వదులవుతాయి, తడితే వదులవుతాయి. ఇంక మోటారు మార్చడమే, కానీ ఈవేళ షాపుల్లేవు."

"ఇలాగే వెళ్ళొచ్చా?" అన్నాను.

"ఇప్పుడు తిరుగుతోంది కాబట్టి ముల్లు కాస్త దిగనిచ్చి వెళ్ళొచ్చు. ఏసీ కట్టేయండి. హీటర్ ఫుల్లుగా పెట్టండి, ఇంజను వేడి కొంత లోపలికి లాగేస్తుంది. దారిలో ఎవరు పిలిచినా ఆగకండి. ఆగాల్సొస్తే, ఇదిగో," అని చిన్న పానా అత్తగారి చేతికిచ్చారు. డబ్బులు తీసుకోలేదు. ఆయన్ను ఏదో శుభకార్యానికి ఆలస్యం చేశామని బాధగా ఉంది. కాఫీ తాగకుండా వెళ్తున్నామని ఆయనకు బాధగా ఉంది.

ఉప్పాడ దారి

మే నెలలో, మండే ఎండలో, కారులో హీటరు వేసుకుని ప్రయాణం చేసినవాళ్ళు నాకు ఇంతవరకు తారసపడలేదు. అద్దాలు దించినా వడగాలే. చెమట కనుబొమల మీద నుంచి కారింది. అత్తగారు గౌనును ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరు కిటికీలోంచి బయటికి పట్టుకున్నారు, గౌనుకి చెమట తగలకుండా.

కొత్తపల్లి దగ్గర కూరగాయల బండ్లు, జనం, గేదెలు. కారు ఆగింది. ఫ్యాను కూడా ఆగింది. నేను దిగేలోపే ఆవిడ దిగి, బానెట్టు ఎత్తి, పైట నడుముకు దోపి, పానాతో మోటారును తట్టారు. సూది గుచ్చేముందు నరం కోసం చెయ్యి తట్టేవారే, అదే తట్టడం. ఫ్యాను తిరిగింది. "ఎవరది, సుగుణమ్మ గారా? ఎన్నాళ్ళకి. ఇంట్లోకి రండి, మజ్జిగైనా తాగి..." అని ఒక పెద్దావిడ గుమ్మంలోంచి పిలుస్తుంటే, మా అత్తగారు చేతులు జోడించి, కదులుతున్న కారులోకి ఎక్కి కూర్చున్నారు. వెనక్కి చూసుకుంటూ, "ఏమనుకుంటుందో ఏంటో," అని ఆ తర్వాత రెండు మైళ్ళు బాధపడ్డారు.

సముద్రం వాసన తగిలింది. చేపల వేట నిషేధం రోజులు కాబట్టి పడవలన్నీ ఒడ్డున ఉన్నాయి. వాటి నీడలో మనుషులు వలలు బాగుచేసుకుంటున్నారు. రోడ్డు అంచు ఒకచోట సముద్రం కొరికేసింది. బండరాళ్ళు పోసి అడ్డం కట్టారు, వాటి మీద అలలు ఎగిరిపడుతున్నాయి. "నా చిన్నప్పటి చర్చి అదిగో, అక్కడ," అని అత్తగారు నీళ్ళలోకి చూపించారు. ఇప్పటి చర్చి లోపలికి జరిపి కట్టుకున్నదట. ఆగి చూడాలనిపించింది. మా కారుకు ఆగే యోగం లేదు.

చర్చి దగ్గర

చేరేసరికి ఆరాధన అయిపోయింది. జనం చర్చిలోంచి బయటికి వచ్చేశారు. అత్తగారు నా వైపు చూడకుండా, "పోనీలెండి, బిడ్డకి గౌనైనా వేద్దాం," అన్నారు.

అప్పుడు వేపచెట్టు కింద అయ్యగారి మోటారుసైకిలు కనిపించింది. దాని పక్కన పందిట్లో అయ్యగారు. ముందు అరిటాకు. చేతిలో కాఫీ గ్లాసు, బహుశా మూడోది. ఒక పక్క ప్రసాదరావు గారు, ఇంకో పక్క ఆయన భార్య.

"ఇంకొక్క గారె, అయ్యగారూ."

"చాలండి, అవతల జనం ఎదురుచూస్తున్నారు."

"ఎంతసేపండీ గారె తినడం. పెరుగులో వేయమంటారా? ఎండన పడి వచ్చారు. ఏమీ తినకుండా వెళ్తే బాగోదండి."

ఆయన ముఖంలో వద్దనలేని బాధ స్పష్టంగా ఉంది. ఆ బాధ నాకు తెలుసు. తాడేపల్లిగూడెం నుంచీ నేను పడుతున్నదే. నిడదవోలులో, రాజమండ్రిలో మమ్మల్ని ఆపిన కాఫీయే ఇక్కడ అయ్యగారిని మా కోసం ఆపింది. నాకు నవ్వొచ్చింది.

"వచ్చారా అమ్మా," అని అయ్యగారు లేచారు. "మీరు ఇంకాస్త ఆలస్యం చేస్తే ఈ గారెల బరువుకి నేను మోటారుసైకిలు ఎక్కగలిగేవాణ్ణి కాదు."

జనమంతా మళ్ళీ చర్చిలోకి వెళ్ళారు. బిడ్డకు గౌను తొడిగారు. అత్తగారు ఎత్తుకుని ముందుకు నడిచారు. చెమటకు జుట్టు నుదుటికి అంటుకుపోయింది, చీర నలిగిపోయింది. అయ్యగారు నీళ్ళు చల్లి, "గ్రేస్ సుగుణ" అని పేరు పిలిచారు. బిడ్డ ఏడవలేదు. పేరు పంచుకున్న పెద్ద సుగుణే ఏడ్చారు. బిడ్డను తల్లి చేతికిస్తున్నప్పుడు కనిపించింది, తెల్లటి గౌను వెనకాల, నడుము దగ్గర, నల్లటి గ్రీజు వేళ్ళ ముద్ర. కొత్తపల్లిలో మోటారును తట్టిన వేళ్ళు.

అత్తగారి ముఖం చిన్నబోయింది. "చెయ్యి కడుక్కోవడం మరిచిపోయానమ్మా. ఇప్పుడే సబ్బు పెట్టి..."

"ఉండనివ్వండి అత్తయ్యా. పోతే పోతుంది, లేకపోతే ఉంటుంది," అంది బిడ్డ తల్లి.

మళ్ళీ పిఠాపురం

సోమవారం పొద్దున వీర్రాజు గారి షెడ్డుకు వెళ్ళాం. తమ్ముడికివ్వగా బస్తాలో మిగిలిందంతా ఆయన ముందు పెట్టి, మా అత్తగారు అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"నిన్నటి కాఫీ ఇప్పించండి," అన్నారు.

ఆయన ముఖం ఎంత వెలిగిపోయిందంటే, నేను కూడా రెండు గ్లాసులు తాగాను. తీరిగ్గా, బానెట్టు మూసి ఉండగానే. ఆ తర్వాత కొత్త మోటారు బిగించారు. అనంతపురం దాకా ఎన్ని గేట్ల దగ్గర ఆగామో, ముల్లు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

పాత మోటారును ఆయన చెత్తబుట్టలో వేయబోతుంటే అత్తగారు ఆపి, కాగితంలో చుట్టించుకుని ఒళ్ళో పెట్టుకున్నారు, వెళ్ళేటప్పుడు గౌను పెట్టుకున్నట్టే. ఇంటికొచ్చాక నేను పాత ఇనుము వాణ్ణి పిలిచినప్పుడు మెట్లకు అడ్డంగా నిలబడ్డారు.

"ఆ మరక పోలేదటండి. మూడుసార్లు ఉతికారట. రేపు ఆ పిల్ల పెద్దయి, ఇదేంటి అమ్మమ్మా అని అడిగితే, నేను ఏం చూపించాలి?"

నేను మోటారును మళ్ళీ చెప్పుల స్టాండు పక్కన పెట్టాను. పాత ఇనుము వాడు ఇంకా బయట ఎదురుచూస్తున్నాడు. ఆవిడే లోపలికి వెళ్ళి అతనికి కాఫీ పెట్టారు.